రంపం పట్టండి, దారి పట్టండి

ఇంజనీరింగ్ పట్టా చేతికొచ్చినా చేత్తో ఒక్క మేకు కొట్టి ఎరగని పిల్లలు మన రెండు రాష్ట్రాల్లోనూ ఎందరో ఉన్నారు. ఓమ్ సూత్రం పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకుంటారు, ఇంట్లో ఫ్యూజు పోతే ఎలక్ట్రీషియన్ కోసం ఎదురుచూస్తారు. ఇందులో మీ తప్పేమీ లేదు. చేతికి పని చెప్పని చదువు అలా చేసింది. చెయ్యి మాసే పనంటే చిన్నచూపు చూసే ఇళ్ళు దానికి తోడయ్యాయి. ఆ లోటు మీరే పూడ్చుకోవాలి. అందుకు నేను చెప్పే దారి ఇది: ఇద్దరు ముగ్గురు కలిసి ఒక పాత వ్యాను కొనండి. పడుకోవడానికి, వండుకోవడానికి వీలుగా మీ చేతులతోనే దాన్ని సిద్ధం చేసుకోండి. ఆ బండిలో మన నేలను చూసి రండి.

దీనికి లక్షలు పోసి కట్టించే కారవాన్ అక్కర్లేదు. 1984లో మారుతి వ్యాన్‌గా వచ్చి, ఓమ్నీగా పేరు మార్చుకుని, 2019 దాకా తయారైన బండి మీకు తెలిసిందే. 2010లో వచ్చిన ఈకో అయితే ఇంకా మేలు. రెండింటికీ ఇంజను ముందు సీట్ల కిందే ఉంటుంది కాబట్టి వెనక చోటు బాగా కలిసొస్తుంది. పక్కన జారుడు తలుపులున్నాయి. వెనక తలుపు పైకి లేస్తుంది, దాని నీడన నిలబడి అన్నం వండుకోవచ్చు. సీఎన్జీ బండి మాత్రం వద్దు, మీ సామాను చోటంతా సిలిండరే ఆక్రమిస్తుంది.

ముందు టేపు పట్టండి. ఈకో బయటి వెడల్పే 1,475 మిల్లీమీటర్లు, అంటే ఐదడుగులు కూడా లేదు. ఇక అందులో అడ్డంగా పడుకోవడం కుదరదు, పడక నిలువుగానే వేసుకోవాలి. నేల మీద సుద్దముక్కతో బండి లోపలి కొలతలు గీసుకుని, అందులో పడుకుని, అటూ ఇటూ పొర్లి చూడండి. ఆ తర్వాతే చెక్క కోయండి. ప్లైవుడ్ 12 మిల్లీమీటర్లది చాలు. ఎనిమిదడుగుల పలక 20 కిలోల పైమాటే, 18 మిల్లీమీటర్లది కొంటే 30 దాటుతుంది. ఆ బరువంతా కొండెక్కేటప్పుడు మీ ఇంజనే లాగాలి. కోత, అతుకు తెలియకపోతే వీధి చివర వడ్రంగి దగ్గర కొన్నాళ్ళు కూర్చోండి. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే మేస్త్రీలున్నారు. వాళ్ళు కంటితో చూసి చెప్పే సంగతులు ఏ తరగతి గదిలోనూ దొరకవు. ‘అన్నా, నేర్పు’ అని అడగండి, అడిగినవాడికి కాదనే మేస్త్రీలు తక్కువ.

కరెంటు దగ్గర మాత్రం మీ చదువును బయటికి తీయండి. 12 వోల్టుల ఫ్యాను 20 వాట్లది ఎనిమిది గంటలు తిరిగితే 160 వాట్-అవర్లు. ఎల్ఈడీ దీపానికి, రెండు ఫోన్లకు మరో 50 వేసుకోండి. రాత్రికి మొత్తం 210. 12.8 వోల్టుల, 50 ఆంపియర్-అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో 640 ఉంటాయి, అంటే మూడు రాత్రులు గడుస్తాయి. ఈ లెక్క మీరే వేసి, ఆ ఫ్యాను మీరే తిప్పిన రోజున, నాలుగేళ్ళు వల్లెవేసిన సూత్రం మీ సొంతమవుతుంది. బ్యాటరీకి దగ్గర్లోనే ఫ్యూజు పెట్టండి. తీగె మందం లెక్కగట్టి కొనండి, సన్న తీగె వేడెక్కి బండినే కాల్చేస్తుంది. ఇంట్లో ఇన్వర్టర్‌కు వాడే పెద్ద బ్యాటరీని తెచ్చి పడక కింద పెట్టకండి. ఛార్జింగు సమయంలో దాన్నుంచి హైడ్రోజన్ వస్తుంది.

ఇప్పుడు చెప్పేది చెవికెక్కించుకోండి, ఇది ప్రాణాల సంగతి. బండి లోపల పొయ్యి వెలిగించవద్దు, బొగ్గుల కుంపటి అసలే వద్దు. అద్దాలెత్తి, ఇంజను ఆన్‌లో ఉంచి ఏసీ వేసుకుని నిద్రపోవద్దు. కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు, నిద్రలోనే మనిషిని తీసుకుపోతుంది. వంటగ్యాసు గాలికన్నా బరువు, లీకైతే నేలబారున చేరి నిప్పురవ్వ కోసం కాచుక్కూర్చుంటుంది. వంట ఎప్పుడూ బయటే. బండి కదులుతుండగా పడక మీద ఎవరూ ఉండకూడదు, అందరూ సీట్లలో బెల్టులతోనే.

చట్టాన్నీ గౌరవించండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్సీలో ఉన్న వివరాలు తయారీదారు చెప్పినదానికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ ఇదే గట్టిగా చెప్పింది. పైకప్పు కోయకండి, ఎత్తు పెంచకండి. సీట్లు మడిచే వీలుంటే మడవండి. తీసేయాలనుకుంటే ముందు ఆర్టీవో కార్యాలయానికి వెళ్ళి, రాతపూర్వకంగా అనుమతి పొందండి, బీమా కంపెనీకీ తెలపండి. పడక, పెట్టె, వంట అర అన్నీ ఎప్పుడంటే అప్పుడు బయటికి తీసేలా కట్టుకుంటే ఏ చిక్కూ ఉండదు. నా దృష్టిలో పనితనానికి అసలు పరీక్ష అదే: మేకులు బిగించి కూర్చోబెట్టడం తేలిక, విడదీసి మళ్ళీ కలిపేలా చేయడానికి బుర్ర కావాలి.

ఇలా ఇల్లు వెంటబెట్టుకుని తిరగడం మనకు కొత్తా? ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్నం నుంచి డేరాలు, వంటసామగ్రి, పరివారంతో కాశీకి బయలుదేరారు. కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు మీదుగా సాగి, 1831లో గానీ తిరిగి రాలేదు. ఏ ఊళ్ళో ఏమి దొరుకుతుందో, ఏ దారి ఎలా ఉందో రాసిపెట్టారు. అదే మన కాశీయాత్ర చరిత్ర. తారురోడ్డు, ఫోను లేని రోజుల్లో ఆయన అంత చూశారు. మీకు అన్నీ ఉన్నాయి. గండికోటలో పెన్న లోయ మీద తెల్లారడం చూడండి. చలికాలంలో నేలపట్టుకు వెళితే గూడబాతులు పిల్లల్ని సాకడం కనిపిస్తుంది. వంశధార ఒడ్డున శాలిహుండం బౌద్ధస్తూపాలు, ములుగు జిల్లాలో రామప్ప గుడి, ఒక్కొక్కటీ రోజంతా చూడదగినవి. మీరూ ఒక నోటుబుక్కు వెంట ఉంచుకోండి. శ్రీశైలం అడవి దారిని రాత్రి తొమ్మిదికి మూసేస్తారు, అక్కడ గేటు దగ్గర వాదించకండి, ఆ రాత్రి పులిది. ఆగిన చోట ఊరివాళ్ళను అడిగి ఆగండి, మీ చెత్త మీరే మోసుకురండి.

అమ్మాయిలూ, ఇది మీ అన్నదమ్ములకు మాత్రమే చెప్పిన మాట అనుకోవద్దు. డ్రిల్లింగ్ మిషను మీ చేతిలోనూ అలాగే తిరుగుతుంది. ముగ్గురు నలుగురు స్నేహితులు కలవండి, రాత్రి మజిలీకి హరిత హోటలు ఆవరణలోనో సత్రం దగ్గరో ముందే అనుమతి అడిగి పెట్టుకోండి, ఇంట్లో ఆ చోటు చెప్పి బయలుదేరండి. తల్లిదండ్రులారా, పిల్ల బండి కింద దూరి నట్టు బిగిస్తుంటే వారించకండి, టార్చి పట్టుకుని పక్కన నిలబడండి.

డబ్బు పూర్తిగా సమకూరేదాకా ఆగవద్దు. మీ నాన్నగారి కారులోనే ఒక పలక పడక చేసి, ఒక్క రాత్రి ఊరి చెరువు దాకా వెళ్ళి రండి. వచ్చే ఆదివారమే కొలతలు తీయడం మొదలుపెట్టండి.