పంచింగ్ బ్యాగులో ఇసుక పోయకండి

ఇంట్లోనే వ్యాయామం చేయాలనుకునే యువతకు పంచింగ్ బ్యాగు మీద మోజు కలగడం సంతోషించవలసిన విషయమే. మూడు నిమిషాలు ఆగకుండా కొట్టి చూడండి. గుండె, ఊపిరితిత్తులు, భుజాలు, నడుము, కాళ్లు అన్నీ పనిలోకి దిగుతాయి. ఎదుటివారి పిడికిలి మన తలకు తగిలే ప్రమాదమూ ఉండదు. నిజామాబాదుకు చెందిన నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లోను, 2023లో న్యూఢిల్లీలోను ప్రపంచ విజేతగా నిలిచారు. ఆమెను చూసి మన ఆడపిల్లలు కూడా గ్లవుజులు తొడుక్కోవాలని ఆశపడితే అంతకన్న కావలసినదేముంది? నా తగవు పంచింగ్ బ్యాగుతో కాదు, మనం అందులో పోస్తున్న ఇసుకతో.

మన సినిమాలలో కథానాయకుడు గుద్దేది ఇసుక బస్తానే. అది పగిలి ఇసుక ధారగా కారితేనే అతడు వీరుడు. ఆ దృశ్యం మన మనస్సులో ఎంతగా నాటుకుపోయిందంటే, బజారులో ఖాళీ సంచి కొన్న ప్రతి కుర్రవాడూ మొదట వెదికేది ఇసుక కోసమే. అమ్మేవారు కూడా చాలామంది ‘ఇసుక పోసుకోండి, సరిపోతుంది’ అని చేతులు దులుపుకుంటారు. బాక్సింగ్ శిక్షణ కేంద్రాలలో వేలాడే బరువైన బ్యాగులలో సాధారణంగా ఉండేది కుదించి నింపిన గుడ్డ పీలికలే. ఈ సంగతి కొనేవారికి చెప్పేవారేరీ?

ఒక చిన్న లెక్క వేద్దాం. నాలుగు అడుగుల పొడవు, 14 అంగుళాల వ్యాసం ఉన్న సంచిలో సుమారు 120 లీటర్ల చోటు ఉంటుంది. పొడి ఇసుక లీటరుకు 1.6 కిలోల వరకు తూగుతుంది. అంటే నిండా పోస్తే దాదాపు 190 కిలోలు! 25 కిలోల బియ్యం బస్తాలు ఏడున్నర ఒకే కొక్కేనికి వేలాడదీసినట్లు. 60 కిలోల మనిషికి 30 కిలోల బ్యాగు చాలు. శరీర బరువులో సగం అన్నది శిక్షకులు చాలాకాలంగా పాటించే మోటు లెక్క. ‘అయితే సగమే పోస్తాం’ అంటారా? అప్పుడు మరో చిక్కు. మానికను తట్టితే బియ్యం దిగినట్లు, ప్రతి గుద్దుకూ ఇసుక కిందికి జారి బిగుస్తుంది. కొద్ది వారాలలో సంచి పైభాగం వదులై, అడుగుభాగం బండరాయి అవుతుంది.

ఆ రాతిని తాకే చేయి ఎలాంటిదో చూడండి. ఒక్కొక్క చేతిలో 27 ఎముకలు ఉంటాయి. అరచేతిలోని ఐదు పొడవాటి ఎముకలలో చూపుడువేలికి, నడిమివేలికి చెందినవి మణికట్టుకు గట్టిగా బిగిసి ఉంటాయి. ఉంగరపువేలికి, చిటికెనవేలికి చెందినవి అంత స్థిరమైనవి కావు. శిక్షణ లేని పిడికిలి అలసినప్పుడు దెబ్బ చిటికెనవేలి వైపుకు జారుతుంది. ఆ ఎముక మెడ దగ్గర విరిగితే దాన్ని బాక్సర్ ఫ్రాక్చర్ అంటాం. పేరుకు బాక్సర్‌దే గాని, అది ఎక్కువగా కనిపించేది కోపంతో గోడను గుద్దినవారి చేతులలో, పిడికిలి బిగించడం నేర్వనివారి చేతులలో. వేగంగా వచ్చే పిడికిలి ఆగడానికి పట్టే సమయం సగానికి తగ్గితే, దానిపై పడే సగటు బలం రెండింతలవుతుంది. గుడ్డలు ఆ సమయాన్ని పెంచుతాయి, బిగుసుకున్న ఇసుక తుంచేస్తుంది. గోడను గుద్దవద్దని కొడుకుకు చెప్పే తండ్రి, అదే గోడను సంచిలో పోసి ఇవ్వడం ఏమి న్యాయం?

‘గట్టిదాన్ని కొడితేనే చేయి గట్టిపడుతుంది’ అన్నది ఎదురయ్యే వాదం. ఇందులో కొంత సత్యం లేకపోలేదు. ఎముక తనపై పడే భారానికి తగినట్లు తనను తాను మలచుకుంటుందని జర్మన్ శస్త్రవైద్యుడు జూలియస్ వోల్ఫ్ 1892లోనే గ్రంథరూపంలో ప్రతిపాదించాడు. అయితే ఆ మార్పుకు నెలలు పడుతుంది, విరగడానికి ఒక్క క్షణం చాలు. పైగా ఎముక గట్టిపడినా కీళ్లలోని మృదులాస్థి ఆ విధంగా గట్టిపడదు. కరాటేవారు చెక్కను గుద్దరా అని కొందరు అడుగుతారు. ఒకినావా కరాటే సాధకులు వాడే మకివారా భూమిలో పాతిన, పైకి పోనుపోను పలుచనయ్యే కొయ్య. దెబ్బకు అది వెనక్కి వంగుతుంది, తగిలే చోట గడ్డితాడు చుట్టి ఉంటుంది. ఆ సంప్రదాయం కూడా లొంగే వస్తువునే ఎంచుకుంది. ఇసుక బస్తాను మగతనానికి కొలబద్దగా చూపేవారు ఇది గమనించాలి.

మరి ఏమి నింపాలి? ఊక తేలిక, దుమ్ము. రంపపు పొట్టు వానాకాలపు తేమకు గడ్డలు కట్టి బూజు పడుతుంది. పాత బట్టలకు మించినది లేదు, టైలరు దుకాణంలో మిగిలే పీలికలు ఇంకా మంచివి. ముందుగా గుండీలు, జిప్పులు, హుక్కులు అన్నీ కత్తిరించి తీసేయండి. ఒక్క లోహపు గుండీ చాలు, వేలి కణుపును చీల్చడానికి. బట్టలను జానెడు ముక్కలుగా కోసి, పూర్తిగా ఎండబెట్టి, బెత్తెడు మందాన పొరలుగా వేస్తూ ప్రతి పొరనూ రోకలితోనో కర్రతోనో సమంగా కుదించండి. ఇలా నింపిన పెద్ద బ్యాగు 35 నుంచి 45 కిలోల వరకు రావచ్చు, చాలామందికి అది సరిపోతుంది. అంత బరువు అక్కరలేనివారు సన్నని సంచిని ఎంచుకోవాలి. రెండు మూడు వారాలకు గుడ్డలు కొంత దిగుతాయి, మళ్లీ పైన నింపాలి. పూర్తయ్యాక పిడికిలితో పైన, నడుమ, కింద నొక్కి చూడండి. మూడు చోట్లా ఒకే విధంగా లొంగితే మీ పని సవ్యంగా జరిగినట్లే.

సంచి కొనేటప్పుడు రంగును, బొమ్మను చూడకండి. గట్టి కాన్వాసుగాని, మందపు రెక్సిన్‌గాని, తోలుగాని ఉన్నదా, పట్టీలు అంచుకే కాక సంచి ఒడలికి కూడా దిగి రెండు వరుసల కుట్టుతో ఉన్నాయా అన్నది చూడండి. అన్నిటికన్న ముఖ్యం, సీలింగు ఫ్యాను కొక్కేనికి మాత్రం తగిలించకండి. కొద్ది కిలోల ఫ్యాను కోసం పెట్టిన కొక్కెం అది. ఊగే బ్యాగు తన బరువుకన్న ఎక్కువ లాగుతుంది. కాంక్రీటు దూలానికి తగిన బోల్టులు మేస్త్రీ చేత వేయించండి. కుదరకపోతే నేలపై నిలిచే స్టాండు కొనండి. చుట్టూ మూడడుగుల ఖాళీ ఉండాలి, చిన్నపిల్లలు ఆ దరిదాపులకు రాకూడదు.

ఉత్త చేతులతో కొట్టడం వీరత్వం కాదు. మణికట్టుకు, కణుపులకు నాలుగున్నర మీటర్ల పట్టీ చుట్టి, పైన 12 ఔన్సులకు తగ్గని గ్లవుజులు వేసుకోండి. మొదటి నెలంతా సగం బలంతోనే కొట్టండి. ఎదిగే వయసు పిల్లలకు వేలి ఎముకల ఎదుగుదల పొరలు ఇంకా మూసుకోవు. వారికి మెత్తని, తేలికైన బ్యాగే ఇవ్వాలి, పెద్దవారు దగ్గర ఉండాలి.

దెబ్బ తగిలి కణుపు లోపలికి దిగినట్లు కనిపించినా, వేలు పక్కదానిపైకి ఎక్కుతున్నా ఆ రోజే ఎక్స్‌రే తీయించండి. బొటనవేలి మొదట్లో, మణికట్టు గుంటలో నొప్పి ఉంటే మరింత జాగ్రత్త. అక్కడి స్కాఫాయిడ్ ఎముక విరిగితే తొలి ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. రక్తప్రసారం తక్కువ కావడం వల్ల నిర్లక్ష్యం చేస్తే అది అతకకుండా మిగిలిపోతుంది. నాటు కట్టుతో వారాలు గడపకుండా వైద్యుని సలహా మేరకు 10 నుంచి 14 రోజులలో మరోసారి పరీక్ష చేయించుకోండి.

ఆ చేతితోనే కుట్టుమిషను నడపాలి, పానా తిప్పాలి, పరీక్ష రాయాలి, బిడ్డను ఎత్తుకోవాలి. ఖాళీ సంచి అమ్మేవారు దానితోపాటు ఏమి నింపాలో, ఎంత బరువు ఉండాలో తెలుగులో అచ్చువేసిన ఒక కాగితం ఇవ్వాలి. ఆ కాగితం అడిగి తీసుకోండి. ఇప్పటికే మీ ఇంట ఇసుక బస్తా వేలాడుతుంటే, ఈ ఆదివారం దాన్ని దించి ఇసుకను పెరట్లో మొక్కల మొదట పోయండి. బీరువా అడుగున మూలుగుతున్న పాత చీరలు, లుంగీలు ఆ సంచిలోకి చేరనివ్వండి.