రాత్రి పదింటికి మోగే బడి ఫోన్

ఒత్తిడి తగ్గించుకునే సలహాలకు ఈ రోజుల్లో కొదవ లేదు. పొద్దున్నే ఫోన్ తెరిస్తే పది కనిపిస్తాయి. రోజూ అరగంట ఒంటరిగా కూర్చోండి, ఇంట్లో మీకంటూ ఒక మూల ఏర్పాటు చేసుకోండి, నచ్చిన పాట వినండి, ఎనిమిది గంటలు నిద్రపోండి అంటారు. మంచి మాటలే. కానీ వర్లి బీడీడీ చాల్‌లో 160 చదరపు అడుగుల గదిలో ఆరుగురు సర్దుకునే ఇంట్లో ఆ మూల ఎక్కడిది? ఒక మూల పొయ్యి, ఒక మూల మోరీ, ఒక మూల బీరువా, దాని మీద దేవుడి పటాలు. మిగిలిన మూలలో పదో తరగతి పిల్లాడి పుస్తకాలు. ఆ ఇంట్లో తల్లి ఒంటరిగా కూర్చోవాలంటే అందరూ నిద్రపోవాలి. అందరూ నిద్రపోయేసరికి ఆమెకూ కళ్లు మూతలు పడతాయి.

తెలుగు బడుల్లో పాఠాలు చెప్పే మేము ఈ విషయాన్ని బడి వైపు నుంచే ఎత్తుకుంటున్నాం. విశ్రాంతి ఎవరికి వారు వెతుక్కోవాల్సిన వస్తువుగా ఉన్నంతకాలం మన తల్లులకూ దొరకదు, మన టీచర్లకూ దొరకదు. ఇల్లూ బడీ కలిసి కూర్చుని, ఈ గంటలు మీవి, ఈ గంటలు మావి అని ఒప్పందం చేసుకుంటే తప్ప అది ఎవరి చేతికీ రాదు.

ముందు తల్లి రోజు చూద్దాం. కరీంనగర్, నల్గొండ, వరంగల్ నుంచి వచ్చిన మన కుటుంబాలు మిల్లులను నమ్ముకుని వర్లిలో స్థిరపడ్డాయి. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో సుమారు రెండున్నర లక్షల మంది మిల్లు కార్మికులు సమ్మెకు దిగారు. ఆ తర్వాత చాలా మిల్లుల భోంగా మళ్లీ మోగలేదు. ఆ రోజు నుంచి ఇల్లు నడిపే బరువులో పెద్ద భాగం ఆడవాళ్ల మీద పడింది. టిఫిన్ డబ్బాలు కట్టినవాళ్లు, కుట్టుమిషన్ తొక్కినవాళ్లు, పక్క భవనాల్లో వంటకు వెళ్లినవాళ్లు మన తల్లులూ అత్తలూనే. సంపాదన కొత్తగా వచ్చి చేరింది గానీ ఇంటి పని ఎక్కడికీ పోలేదు. తెల్లవారుజామున నీళ్లు పట్టడం దగ్గర మొదలైతే రాత్రి గిన్నెలు బోర్లించే దాకా అదే చెయ్యి.

ఇది ఒక్క వర్లి కథ అయితే మన అలవాట్ల మీదికి నెట్టేయవచ్చు. కేంద్ర గణాంక శాఖ 2019లో దేశమంతటా సమయ వినియోగ సర్వే చేసింది. ఇంటి పని చేశామని చెప్పినవారిలో ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు జీతం లేని ఆ పనికి వెచ్చించారు. 2024లో మళ్లీ లెక్క తీస్తే ఆడవాళ్లవి 289, మగవాళ్లవి 88. ఐదేళ్లలో ఆడవాళ్లకు పది నిమిషాలు మిగిలాయి. మగవాళ్లూ తొమ్మిది నిమిషాలు మిగుల్చుకున్నారు! మధ్యలో కరోనా వచ్చింది, నెలల తరబడి అందరం ఇళ్లలోనే ఉన్నాం, వంట వీడియోలు చూశాం. చివరికి లెక్క ఇలా తేలింది.

ఇక టీచరు రోజు. విద్యాహక్కు చట్టం ప్రకారం టీచరు వారానికి కనీసం 45 గంటలు పని చేయాలి, పాఠం తయారు చేసుకునే సమయం అందులోనే ఉంటుంది. కాగితం మీద అంతే. అదే చట్టం 27వ సెక్షన్ జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు మినహా బోధనేతర పనులకు టీచర్లను వాడవద్దంటుంది. అయితే ఆ మూడు మినహాయింపులే ఏడాదిలో ఎన్ని వారాలు మింగుతాయో ఓటర్ల జాబితా పట్టుకుని చాల్ మెట్లు ఎక్కి దిగినవారికి తెలుసు. దానిపైన యూడైస్ వివరాలు, ఆధార్ సవరణలు, అపార్ సంఖ్యలు, భోజనం లెక్కలు, స్కాలర్‌షిప్ దరఖాస్తులు. ఇవి అన్ని బడులకూ ఉన్నవే.

భాషా మైనారిటీ బడికి మాత్రమే ఉన్న బరువు ఇంకొకటుంది. సర్క్యులర్ మరాఠీలో వస్తుంది. శిక్షణ మరాఠీలో జరుగుతుంది, ప్రశ్నావళి మరాఠీలో ఉంటుంది. మరాఠీ ఈ నేల భాష, మన పిల్లలు దాన్ని చక్కగా నేర్చుకోవాలి. 2020 చట్టం అన్ని బడుల్లో మరాఠీని తప్పనిసరి చేసింది, దానిమీద మాకు ఫిర్యాదు లేదు. మేము అడిగేది వేరు. మరాఠీ కాగితాన్ని తెలుగులోకి మార్చి పిల్లలకు చెప్పడం, తల్లిదండ్రులకు వివరించడం, వాళ్ల జవాబును మళ్లీ మరాఠీలో పంపడం పని అవునా కాదా? అవునంటే దాన్ని ఏ పీరియడ్‌లో చేయాలి? టైంటేబుల్‌లో దానికి గడి లేదు. కాబట్టి అది ఇంటికి వస్తుంది. భివండీ నుంచో కల్యాణ్ నుంచో లోకల్ రైల్లో నిలబడి వచ్చే టీచరు ఆ పనిని రైల్లో ఫోన్ మీద చేస్తుంది. ఆ టీచరు కూడా ఒక ఇంటి తల్లే అని, ఆమెకూ పైన చెప్పిన 289 నిమిషాలు ఉన్నాయని మనం తరచూ మరిచిపోతాం.

పిల్లలు తగ్గి రెండు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టి చెప్పాల్సి వచ్చే చోట్ల ఈ బరువు ఇంకా పెరుగుతుంది. అసలు చిక్కుముడి కూడా అక్కడే ఉంది. రాత్రి పదింటికి ఒక తల్లి ఫోన్ చేస్తుంది. రేపు తేవాల్సింది ఏ రంగు కాగితం అని అడగవచ్చు, లేకపోతే కొడుకు మాట వినడం లేదని ఏడవవచ్చు. ఆమె పని ముగించుకుని కూర్చునేదే అప్పుడు. టీచరు ఫోన్ ఎత్తుతుంది. ఓపిక ఉండి ఎత్తదు, భయంతో ఎత్తుతుంది. ఎత్తకపోతే ఆ తల్లి నొచ్చుకుని, వచ్చే జూన్‌లో పిల్లాడిని పక్క వీధిలోని ఇంగ్లిషు మీడియంలో వేస్తుందేమో. పట్టికలో ఒక పేరు తగ్గితే తరగతికి ముప్పు, తరగతి పోతే టీచరు పోస్టుకు ముప్పు. మన బడిని బతికించుకోవాలన్న ఆరాటమే మన టీచర్ల నిద్రను తింటోంది. ఈ మాట బయటికి చెప్పుకోవడం మాకు సులువు కాదు. చెప్పకపోతే మాత్రం మాలో చాలామంది ముఖాన చిరునవ్వు పెట్టుకుని లోపల ఎండిపోతారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తన వ్యాధుల వర్గీకరణలో ఈ ఎండిపోవడాన్ని వివరించింది. పని చోట ఒత్తిడిని ఎంతకాలానికీ సరిదిద్దకపోతే వచ్చే స్థితి ఇది. శక్తి అడుగంటుతుంది, చేసే పని మీద విరక్తి పుడుతుంది, ఏం చేసినా ఫలితం లేదనిపిస్తుంది. దాన్ని జబ్బు అనకుండా పనికి సంబంధించిన స్థితిగా చెప్పడం మాకు నచ్చింది. అలాంటప్పుడు మందు కూడా పని జరిగే తీరులోనే వెతకాలి. అలసిన టీచరును ధ్యానం చేయమని పంపి, తిరిగి వచ్చాక అదే ఫోన్, అదే కాగితాల కట్ట చేతికిస్తే ఏం మారుతుంది?

అందుకని మా ప్రతిపాదన ఫోన్ దగ్గరే మొదలుపెడతాం. సాయంత్రం ఏడు తర్వాత బడి వాట్సాప్ గ్రూపు మూసేద్దాం. టీచర్లూ అందులో ఏమీ పెట్టకూడదు, తల్లిదండ్రులూ పెట్టకూడదు. ప్రధానోపాధ్యాయులు కూడా ఈ నియమానికి లోబడాలి, లేకపోతే వారంలో అటకెక్కుతుంది. పిల్లలకు ప్రమాదం, అనారోగ్యం లాంటివాటికి ఒకే నంబరు, దాన్ని టీచర్లు వంతులవారీగా చూస్తారు. దీనికి బదులుగా బడి ఇవ్వాల్సింది ఒకటుంది. మరునాటికి కావలసిన వస్తువు గురించి రాత్రి చెప్పే అలవాటు మానాలి. చార్టు పేపరు సోమవారం కావాలంటే గురువారమే రాయించాలి. రాత్రి తొమ్మిదిన్నరకు రంగు కాగితం కోసం దుకాణాల వెంట తిరిగే తల్లిని మనమే తయారు చేస్తున్నాం.

అనువాదం సంగతి ఇంకా తేలిక. ఒకే సర్క్యులర్‌ను ముంబయిలో ఉన్న తెలుగు బడులన్నీ ఎవరికి వారు తెలుగు చేసుకుంటున్నాయి. బడికొకటి చొప్పున వంతు వేసుకుని, ఒకరు చేసింది అందరూ వాడుకుంటే సరిపోతుంది. ఆ వారం వంతు వచ్చిన టీచరుకు రెండు పీరియడ్లు వదిలిపెట్టాలి. ప్రభుత్వ అనుమతి అక్కరలేదు, డబ్బు అక్కరలేదు.

తల్లుల కోసం బడిలో ఒక గది అడుగుతున్నాం. శనివారం బడి వదిలాక గంటసేపు ఒక తరగతి గది తెరిచి ఉంచితే చాలు. ఉపన్యాసం వద్దు, ముఖ్య అతిథి వద్దు, ఫొటోలు అసలే వద్దు. తాళంచెవి ఒక తల్లి చేతికే ఇద్దాం, టీచరు అక్కడ ఉండాల్సిన పని లేదు. కూర్చునేవాళ్లు కూర్చుంటారు, మాట్లాడుకునేవాళ్లు మాట్లాడుకుంటారు, ఒకామె బల్ల మీద తల పెట్టి కునుకు తీస్తే ఎవరూ లేపరు. నడవగలిగినవాళ్లు నలుగురు కలిసి సీఫేస్ దాకా వెళ్లి రావచ్చు. వర్లిలో పుట్టి పెరిగి, పిల్లలకు ఈత సెలవులు వచ్చినప్పుడు తప్ప సముద్రం ముఖం చూడని ఆడవాళ్లు మనలో ఎంతమందో లెక్క తీస్తే బాగుంటుంది.

"మా అమ్మలు ఇవేవీ లేకుండానే బతికారు కదా" అనేవాళ్లు ఉంటారు. బతికారు. కానీ వాళ్లకు గ్యాలరీ ఉండేది. అంతస్తుకు ఇరవై గదులు, ఒకే పొడవాటి గ్యాలరీ. బియ్యం ఏరుతూ, తల దువ్వుతూ చెప్పుకున్న మాటల్లో సగం బరువు దిగిపోయేది. నీళ్ల దగ్గరికి ఒకామె రెండు రోజులు రాకపోతే మూడో రోజు ఎవరో ఒకరు తలుపు తట్టేవారు. 1920లలో బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ వర్లిలో కట్టిన 121 చాళ్లు ఇప్పుడు ఒక్కొక్కటే నేలకు ఒరుగుతున్నాయి. 2025 ఆగస్టు 14న తొలి విడతగా 556 కుటుంబాలకు 500 చదరపు అడుగుల కొత్త ఇళ్ల తాళాలు అందాయి. అంత ఇల్లు, లోపలే మరుగుదొడ్డి, పిల్లకు చదువుకునే గది! నూరేళ్లు ఇరుకులో బతికినవాళ్లకు ఇది దక్కాల్సిందే, ఆ సంతోషంలో మేమూ ఉన్నాం. టవర్‌లో తలుపు మూస్తే మాత్రం నిజంగా మూసుకుంటుంది. పక్కింటి ఆమె నాలుగు రోజులుగా బయటికి రాలేదని లిఫ్ట్ చెప్పదు. కామాఠీపురా గల్లీల్లో ఉన్నవాళ్ల ముందూ పునర్నిర్మాణం ఉంది, ఈ ప్రశ్న రేపు వాళ్లకూ ఎదురవుతుంది. కాబట్టి శనివారం గది అనేది చాల్ పోయిన చోట గ్యాలరీని కొంచెమైనా నిలబెట్టే ప్రయత్నం.

మాట్లాడుకుంటే తీరనివీ ఉంటాయి. మన పెద్దవాళ్లు మనసు జబ్బును మనసు జబ్బుగా చెప్పరు. "పానం బాగుంటలేదు", "గుండె గుబగుబ అంటున్నది", "ఏ పనీ చేయబుద్ధి అయితలేదు" అంటారు. ఆస్పత్రిలో డాక్టరుకు ఆ మాటను చేరవేసేది ఎవరు? పక్కన నిలబడ్డ పన్నెండేళ్ల కూతురు. ఆ పిల్లకు తెలిసిన హిందీలో అది "చక్కర్" అవుతుంది, "కమ్‌జోరీ" అవుతుంది. టానిక్ రాసి పంపిస్తారు. కూతురు ఎదుట తల్లి చెప్పలేని మాట అసలే బయటికి రాదు. తల్లి దుఃఖాన్ని తర్జుమా చేసే భారం పిల్ల మీద పెట్టడం ఆ తల్లికీ మంచిది కాదు, పిల్లకూ మంచిది కాదు.

దీనికి ఇప్పుడు ఒక దారి ఉంది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలీ మానస్‌కు 14416 నంబరు మీద ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. అది అందించే భాషల్లో తెలుగూ ఉంది. ఈ నంబరు ప్రతి పిల్లవాడి డైరీ మొదటి పేజీలో అచ్చు కావాలి. నిద్ర, ఆకలి చెడిపోయి, దేని మీదా ఆసక్తి లేకుండా రెండు వారాలు దాటితే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. వర్లి వాళ్లకు పరేల్‌లో కేఈఎం, కామాఠీపురా వాళ్లకు ముంబయి సెంట్రల్‌లో నాయర్ ఆస్పత్రి ఉన్నాయి, రెండింటిలోనూ మానసిక వైద్య విభాగాలు పని చేస్తున్నాయి. వెళ్లేటప్పుడు పిల్లను కాకుండా హిందీ వచ్చిన పెద్దవాళ్లను, ఆడమనిషికి ఆడమనిషిని, తోడు తీసుకెళ్లాలి. ఎవరైనా "నాకు బతకాలని లేదు" అంటే రెండు వారాలు చూడకూడదు. ఆ రోజే వెళ్లాలి, ఒంటరిగా వదలకూడదు. ఇది తల్లికి ఎంత వర్తిస్తుందో పదో తరగతి పిల్లలకు అంతే వర్తిస్తుంది. స్టాఫ్ రూములో కూర్చున్నవారికీ అంతే.

ఇవన్నీ జూన్‌లో బడి తెరిచాక జరిగే తొలి పాలక సభలో పెట్టాలని మా కోరిక. సభ మామూలు రోజుల్లో పెడితే తల్లులే వస్తారు, సంతకాలు పెట్టి పరుగున వెళ్లిపోతారు. ఆదివారం పెడితే నాన్నలు రాగలరు. ఒప్పందంలో సగం భాగం వాళ్లదే కాబట్టి వాళ్లు ఉండాలి. ఆ పూట ఇంట్లో వంట ముగించి రావాల్సింది కూడా నాన్నలేనని ఆహ్వానంలో ఒక వాక్యం చేర్చవచ్చు. నవ్వినా ఫరవాలేదు, చదువుతారు. ఆదివారం వచ్చిన టీచర్లకు ఆ వారంలోనే ఒక పూట సెలవు ఇవ్వాలన్నది అదే సభ ఎజెండాలో మొదటి అంశంగా ఉండాలి.