ఆ ఫారం ఎవరి చేతికి పోతుంది?

కార్మికులకు ఏటా ఉచితంగా ఆరోగ్య పరీక్ష చేయించాలన్న మాట 2020 నాటి వృత్తి భద్రతా కోడ్‌లో ఉంది. బీపీ, షుగర్‌తో పాటు డిప్రెషన్ కూడా చూసేస్తే పోలా అనేవాళ్ళు ఇప్పుడు ఎక్కువయ్యారు. ఏసీ ఆఫీసుల్లో కూర్చుని అంటే బాగానే ఉంటుంది. 1892లో తెరిచిన కోల్‌కతా ఖిదిర్‌పూర్ డాక్‌లో నిలబడి అడిగితే తేడా తెలుస్తుంది. పోర్టు పర్మినెంటు ఉద్యోగికి సెలవుంది, పోర్టు ఆసుపత్రి ఉంది. కాంట్రాక్టరు కింద బస్తాలు మోసే మనిషికి రేపు పిలుపొస్తేనే కూలి. ఇద్దరికీ ఒకే ఫారం ఇస్తే ఇద్దరూ నిజమే రాస్తారా?

ఎక్కువగా వాడే ఫారం పీహెచ్‌క్యూ-9. గడిచిన రెండు వారాల మీద తొమ్మిది ప్రశ్నలు, మొత్తం 27 మార్కులు, 10 వచ్చిందంటే అనుమానించాలి. నిద్ర పడుతోందా, నీరసంగా ఉందా, ఆకలి ఎలా ఉంది అన్నవే మూడు ప్రశ్నలు. వరసగా రాత్రి షిఫ్టులు చేసినవాడికి మనసు నిబ్బరంగా ఉన్నా ఇక్కడే తొమ్మిది మార్కుల దాకా పడొచ్చు. పరిశోధనల లెక్కన జబ్బున్న నూరుగురిలో సుమారు 88 మందిని ఈ ఫారం పట్టుకుంటుంది, లేని నూరుగురిలో ఓ 15 మందికి ఉందంటుంది. వెయ్యిమందిలో 50 మందికి జబ్బుందనుకుందాం. దొరికేది 44 మంది, వాళ్ళతో పాటు ఊరికే ఇరుక్కునేది 140 మంది పైచిలుకు. డాక్టరు మళ్ళీ చూసి తేల్చేదాకా వాళ్ళందరి మీదా ఒకటే ముద్ర.

అడగకపోతే ఎవరూ నోరు విప్పరుగా అంటారు. నిజమే. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మామూలు మానసిక సమస్యలున్నవారిలో 80 శాతం పైగా చికిత్సకు దూరంగానే ఉన్నారు. 2007లో అమెరికాలో సుమారు 600 మంది ఉద్యోగులపై అచ్చైన అధ్యయనాన్ని కూడా చూపిస్తారు. అందులో కొందరిని ఫోన్‌లో పలకరిస్తూ వైద్యం దాకా నడిపించారు. వాళ్ళు మిగతావారికన్నా బాగా కోలుకున్నారు, ఎక్కువ గంటలు పనిచేశారు. అయితే ప్రశ్నలు రెండు గుంపులనూ అడిగారు. తేడా తెచ్చింది ప్రశ్నలు కావు, ఆ తర్వాతి పలకరింపు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్గదర్శకాల్లో ఈ పరీక్షలను చేయమనీ అనలేదు, వద్దనీ అనలేదు.

క్రేన్ తిప్పేవాడి మనసు బాగోలేకపోతే కింద ఉన్నవాళ్ళ గతేమిటన్నది ఇంకా గట్టి అభ్యంతరం. 2015 మార్చి 24న జర్మన్‌వింగ్స్ విమానాన్ని కోపైలట్ కొండకు గుద్దించాడు, 150 మంది పోయారు. జబ్బు సంగతి బయటపడితే లైసెన్సూ జీతమూ పోతాయన్న భయం అతను దాచడానికి ఒక కారణమై ఉంటుందని ఫ్రెంచి దర్యాప్తు సంస్థ చెప్పింది. పైలట్లకు వైద్య పరీక్షలు లేకనా? నెల జీతగాడే దాచుకుంటే రోజుకూలీ ఫారంలో అన్నిటికీ సున్నాలే చుడతాడు. గోప్యత హక్కు 2017 మానసిక ఆరోగ్య చట్టంలో ఉంది, కాని కూలీలను పనికి పిలిచే సర్దారు తన గ్యాంగులోంచి పేరు తీసేయడానికి కారణం రాయనక్కర్లేదు. కాబట్టి ఫారం కాంట్రాక్టరు కంటపడకుండా బయటి డాక్టరు దగ్గరే ఉండాలి, చికిత్స రోజులకు కూలి ముందే ఖాయం కావాలి. ఈ రెండూ లేనిచోట పరీక్ష పెట్టకూడదు. ఇక ఆ ఫారంలో తొమ్మిదో ప్రశ్న చచ్చిపోవాలనిపిస్తోందా అని. దానికి అవునన్న మనిషి ఆ రాత్రి ఎవరితో మాట్లాడాలి? ప్రస్తుతానికి టెలి మానస్ హెల్ప్‌లైన్ 14416 ఉంది. తెలుగులోనూ పలుకుతారు, ఫోన్ చేసిన సంగతి సర్దారుకు తెలియదు.