సినిమా వ్యాసంలో కోపం కాదు, తేదీలు రాద్దాం

కొంచెం పెద్ద పోస్టు, ఓపికగా చదవండి.

మేము గుంటూరులో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాం. ఎరుకల, యానాది, సుగాలి పిల్లలం. అమ్మానాన్నలు పత్తి తీతకో, మిరప కోతకో పోతేనే మాకు చదువు. మా ఇళ్ళల్లో కాలేజీ మెట్టెక్కింది మేమే మొదలు. ఎరుకలోళ్ళమని తెలియగానే "స్టువర్టుపురమా? జేబులు జాగ్రత్తరోయ్" అని ఎవడో ఒకడు నవ్వుతాడు. వాడు ఆ ఊరు ఎప్పుడూ చూడలేదు. వాడు చూసింది సినిమా.

1991లో యండమూరి వీరేంద్రనాథ్ దర్శకత్వంలో చిరంజీవి 'స్టువర్టుపురం పోలీస్ స్టేషన్' వచ్చింది. 2023 అక్టోబరు 20న రవితేజ 'టైగర్ నాగేశ్వరరావు' వచ్చింది. సినిమా కొన్నాళ్ళు ఆడి పోతుంది. దాని గురించి రాసింది మాత్రం ఏళ్ళ తరబడి ఉంటుంది. అందుకే తెలుగు వికీపీడియాలో ఇలాంటి సినిమాల మీద మనమూ రాయాలని కూర్చున్నాం.

మొదట రాసుకున్నది చదివితే మాకే సిగ్గేసింది. "మా జాతిని అవమానించిన చెత్త సినిమా" అని మొదలుపెట్టాం. ఫ్యాన్స్ "అద్భుతం" అంటారు, మనం "చెత్త" అన్నాం. తేడా ఏముంది? బయటివాడు రెండూ నమ్మడు. కొట్టేశాం.

వికీలో తటస్థ దృక్కోణం అంటారు. అంటే నోరు మూసుకోవడం కాదు. దర్శకుడు, నటులు, విడుదల తేదీ, కథ ఉన్నది ఉన్నట్టు రాయాలి. ఆ పక్కనే నేపథ్యమూ రాయాలి. 1871లో మొదలైన నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు ప్రాంతానికీ తెచ్చారు. ఆ చట్టం కిందే బాపట్ల దగ్గర ఎరుకల వాళ్ళను పెట్టడానికి స్టువర్టుపురం సెటిల్‌మెంటు కట్టి, సాల్వేషన్ ఆర్మీకి అప్పజెప్పారు. 1952లో దేశమంతటా ఆ చట్టం పోయింది. 2023లో 'టైగర్ నాగేశ్వరరావు' టీజర్ మీద ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం పడింది. ఇందులో ఒక్క తిట్టు కూడా లేదు. అయినా చదివినవాడు ఆలోచనలో పడతాడు.

ఇంకో మాట, కొందరికి నచ్చదేమో. నాగేశ్వరరావు అనే దొంగ నిజంగానే ఉన్నాడు. అది దాచితే మనమూ అబద్ధం రాసినట్టే. ఒక మనిషి దొంగతనం చేస్తే అది ఆ మనిషి సంగతి. ఊరు ఊరంతా, కులం కులమంతా పుట్టుకతో దొంగలన్నది ఆ చట్టం రాసినోళ్ళ మాట.

ఒక చిక్కుంది. మన అవ్వాతాతలు చెప్పింది నేరుగా వికీలో పెట్టలేం. ఎక్కడైనా అచ్చయి ఉండాలి. మనవాళ్ళ మాటలు అచ్చయింది తక్కువ. కాబట్టి రెండు పనులూ మనవే. ఇంటికి పోయినప్పుడు పెద్దోళ్ళు చెప్పింది రాసుకుని పత్రికలకు పంపుదాం. ఇక్కడ ఆధారం దొరికినంత వరకు వ్యాసంలో చేరుద్దాం.

తలా ఒక సినిమా తీసుకోండి. ప్రతి వాక్యానికీ "దీనికి ఆధారం ఏది?" అని మనల్ని మనమే అడుగుదాం. ఎవరు ఏ సినిమా రాస్తారో కింద చెప్పండి.