వర్ణము జూచి వారసత్వము నిర్ణయింతురా?

పరుల భూమి నపహరింప దలచినవాడు ఆ భూమి వారిది కాదని ముందుగా ఋజువుచేయ బూనును. చరిత్ర ముందు నడచును. ఫిరంగి వెనుక వచ్చును. ఈ మాటయందలి నిజము నెరుగగోరువారు కరీబియను సముద్రమందలి సెయింటు విన్సెంటు దీవి కథను దెలిసికొనవలెను.

ఆ దీవిని దాని పూర్వజనులు యురుమెయిను అని పిలిచెడివారు. అచ్చటి కలినాగో జాతికి ఐరోపావారు కరీబులని పేరిడి, నరమాంసభక్షకులన్న అపవాదు నంటగట్టిరి. ఇంగ్లీషులోని 'కానిబాల్' అను పదము ఆ జాతి పేరునుండి పుట్టినదే. 17వ శతాబ్దమున, పగిలిన బానిసయోడలనుండి ఒడ్డుచేరిన ఆఫ్రికనులును, పొరుగు దీవుల తోటలనుండి తప్పించుకొని వచ్చినవారును ఈ జాతిని ఆశ్రయించిరి. వియ్యములు గలిసినవి. ఆ కలయికనుండి పుట్టిన ప్రజయే గరిఫునా. వారి మేనిచాయ ఆఫ్రికాది. భాష మాత్రము దక్షిణామెరికానుండి ఆ దీవులకు వచ్చిన అరవాకు కుటుంబమునకు జెందినది. అంకెలలో పెక్కు ఫ్రెంచివారివద్ద నేర్చినవి. ఇన్ని నీరులు గలిసినను ఏరు ఒక్కటియే.

1763లో పారిసు సంధిచే ఫ్రెంచివారు ఈ దీవిని ఆంగ్లేయులకు ఒప్పగించిరి. దీవిలోని జనుల నెవరును అడుగలేదు. సారవంతమైన భూములు కరీబుల చేతిలో నుండుట చెరకుతోటల దొరలకు కంటగింపయ్యెను. యుద్ధము జరిగెను, 1773లో సంధి కుదిరెను, ఉత్తరభాగము కరీబులదేయని ఒప్పుకొనబడెను. ఆ ఒప్పందము నిలువలేదు. 1795లో మరల యుద్ధము రేగెను. మార్చి 14వ తేదీన కరీబు నాయకుడు జోసెఫు చాటోయరు నేలకొరిగెను.

ఆ యేడే సర్ విలియం యంగు అను తోటల యజమాని, పార్లమెంటు సభ్యుడు, ఒక గ్రంథమును ప్రకటించెను. దానియందలి వాదమిది: వీరు నిజమైన కరీబులు గారు, ఆఫ్రికానుండి వచ్చి అసలు కరీబులను అణగద్రొక్కినవారు, కావున వీరికి భూమిపై హక్కు లేదు.

మేమడుగుచున్నాము: నూరేండ్లకు పైగా ఆ నేలను సాగుచేసికొని, అచ్చటి తల్లుల కడుపున బుట్టి, అచ్చటి భాష మాటలాడువారు పరాయివారైనచో, ముప్పదియేండ్ల క్రింద దిగిన ఆంగ్లేయుడు ఎట్లు హక్కుదారుడయ్యెను? ఆఫ్రికనులను సంకెళ్లతో ఓడలకెక్కించి ఆ దీవికి దెచ్చినవారును ఈ దొరలే గదా! సంకెలతో వచ్చిన ఆఫ్రికను దీవికి కావలసినవాడు. సంకెల లేని ఆఫ్రికను దీవికి తగనివాడు! ఇది వంశశాస్త్రము గాదు, చెరకు లెక్క.

ఈ లెక్క ఫలితమేమి? నాలుగువేలకు పైగా గరిఫునాలను బాలిసో అను చిన్న దీవిలో నిర్బంధించిరి. కొలది నెలలలోనే సుమారు సగముమంది రోగములపాలై మరణించిరి. మిగిలినవారిని చర్మపు రంగునుబట్టి వేరుచేసి, తెలుపు హెచ్చుగానున్న సుమారు నూరుమందిని మాత్రము స్వస్థలమునకు పంపిరి. రెండువేలకు పైచిలుకు జనులను 1797లో ఓడలకెక్కించి, హాండూరాసు తీరమునకు దగ్గరనున్న రోఆటాను దీవిలో విడిచిరి. ఒక జాతి దేశమును గోల్పోవుటకు మేనిచాయయే సాక్ష్యమయ్యెను.

అయినను గరిఫునాలు నశింపలేదు. హాండూరాసు, బెలీజు, గ్వాటిమాలా, నికరాగువా తీరములందు నేటికిని వారి పల్లెలున్నవి. వారి భాషను, ఆటపాటలను 2001లో యునెస్కో మానవజాతి సొత్తుగా గుర్తించెను. 2002లో సెయింటు విన్సెంటు చాటోయరును తన ప్రథమ జాతీయవీరునిగా ప్రకటించెను. 2015లో అమెరికాఖండపు మానవహక్కుల న్యాయస్థానము హాండూరాసునందలి రెండు గరిఫునా పల్లెల సమష్టిభూమి హక్కు భంగమైనదని తీర్పుచెప్పెను. కాని తీర్పు పుట్టినంత మాత్రమున నేల చేతికి రాదు. దాని అమలునకై వారు ఏండ్లతరబడి పోరాడవలసివచ్చినది.

ఈ కథ మనకు దూరమని తలపవలదు. 1861 జూన్ 1వ తేదీన 'ట్రావన్కూరు' అను ఓడ మన మదరాసు రేవునుండి కూలీలను గొనిపోయి ఆ దీవిలోనే దించెను. గరిఫునాలను వెడలగొట్టిన చెరకుతోటల వ్యవస్థయే వారికిని పని జూపెను. వారి సంతతి నేడు ఆ దీవి ప్రజలలో నొక భాగము. వారి రక్తమును గూడ తూచి చూడవలయునా?

రక్తము నిర్మలముగా నున్నవారికే దేశమన్నచో భూమిపై ఏ జాతికిని దేశముండదు. నేలను ప్రేమించి, దానికొరకు చెమటోడ్చి, దానికొరకు ప్రాణమొడ్డినవారిదే ఆ నేల. ఇతరుల వంశవృక్షమును గొడ్డలి చేతబట్టి పరీక్షింప వచ్చువాని చూపు వృక్షముపై నుండదు. అది నిలిచిన నేలపై నుండును. ఈ సంగతిని ప్రజలెన్నడును మరువరాదు.