రోడ్డుకి పేరుంది, జాబితాలో లేదు

తైపే నుంచి వచ్చినప్పటి నుంచీ ఫోటోలు పెట్టమని అడుగుతున్నారు. నైట్ మార్కెట్, గుళ్లు తర్వాత పెడతా. ముందు ఒక రోడ్డు గురించి చెప్పాలి.

అధ్యక్ష భవనం ఎదురుగా ఉంటుందది, బాగా వెడల్పు. 1996 దాకా చియాంగ్ కై షేక్ గౌరవార్థం పెట్టిన పేరు ఉండేది. తర్వాత కేతగలాన్ అని మార్చారు. చైనా నుంచి జనం రాకముందే తైపే నేల మీద బతికిన తెగ అది. బోర్డు చూసి ఒళ్లు పులకరించింది, అబద్ధమెందుకు. 2016లో మన ఆసిఫాబాద్ జిల్లాకి కుమురం భీం పేరు పెట్టినప్పుడూ ఇలాగే సంబరపడ్డా.

రూమ్‌కొచ్చి చదివితే తెలిసింది, ప్రభుత్వం గుర్తించిన 16 తెగల్లో కేతగలాన్ లేదని! అదే 2016 ఆగస్టు 1న అధ్యక్షురాలు త్సాయ్ ఇంగ్‌వెన్ ఆదివాసులకు క్షమాపణ చెప్పారు. గొప్ప విషయమే. కానీ ఏడాది తిరక్కముందే, సంప్రదాయ భూముల లెక్కలోంచి ప్రైవేటు భూములు తీసేశారని ఆదివాసులు ఇదే రోడ్డు మీద డేరాలేసుకుని కూర్చున్నారు.

పేర్లు పెట్టొద్దని నేననను. పేరు చూసి మనం చల్లబడిపోతున్నాం, అదీ నా బాధ. భీం అడిగింది జల్, జంగల్, జమీన్. జిల్లా బోర్డు మీద ఆయన పేరుంది. మా పెదనాన్న మాత్రం పోడు పట్టా కోసం కాగితాలు పట్టుకుని ఇంకా తిరుగుతూనే ఉన్నాడు.

ఈసారి భీం వర్ధంతికి జోడేఘాట్ వచ్చేవాళ్లు దండతో పాటు మీ ఊళ్లో పట్టా రానివాళ్ల లిస్టు కూడా తెండి, దర్బారులో ఇద్దాం. మా ఊరిది రాయడం మొదలుపెట్టాను.