తోమేకొద్దీ పచ్చబడే పళ్ళు

నిమ్మచెక్క మీద చిటికెడు వంటసోడా వేస్తే బుసబుసా పొంగుతుంది. దాంతో పళ్ళు తోమి, పుక్కిలించి, అద్దం ముందు ఇకిలించే వీడియోలు ఫోన్లలో ఎన్ని కావాలంటే అన్ని. పొంగు చూడగానే గార వదిలిపోతోందని మనసు ఒప్పేసుకుంటుంది. నిజానికి పులుపూ సోడా కలిస్తే పుట్టే కార్బన్ డయాక్సైడ్ అది. ఖాళీ గిన్నెలోనూ అంతే పొంగుతుంది.

ఈ పిచ్చి ఫోన్లతో మొదలైంది కాదు. బొగ్గు, కచ్చిక, ఉప్పు, ఇటుకపొడి తరతరాలుగా మన ఊళ్ళల్లో ఉన్నవే. "మా తాత కచ్చికతోనే తోమాడు, ఎనభై ఏళ్ళకీ చెరుకుగడ నమిలాడు" అనే సాక్ష్యం ఏ ఇంట్లోనైనా దొరుకుతుంది. అదే అరుగు మీద బోసినోటితో కూర్చుని, ఆకూ వక్కా చిన్న రోట్లో దంచుకు తిన్న నాయనమ్మ మాత్రం ఎవరికీ గుర్తురాదు. ఆవిడ తోముకున్నదీ ఆ కచ్చికతోనే.

చిక్కేమిటంటే, ఇవి మొదట్లో పనిచేసినట్టే కనబడతాయి. టీ, కాఫీ, వక్క, పొగాకు మరకలు పంటి పైపొర ఎనామిల్ మీద పేరుకుంటాయి. గరుకు పొడితో రుద్దితే మరక పోతుంది, దాంతోపాటు ఎనామిలూ అరుగుతుంది. ఒంట్లో ఎముకకన్నా గట్టిదైన ఆ పొరకి పులుపంటే పడదు. పీహెచ్ సుమారు 5.5 కన్నా దిగితే కరగడం మొదలెడుతుంది. నిమ్మరసం పీహెచ్ 2కీ 3కీ మధ్య. వంటసోడా ఒక్కటే అయితే అంత గరుకేమీ కాదు, పైమరకలు కొంత తీస్తుంది కూడా. ముప్పంతా దానికి జత కలిపిన నిమ్మచెక్కది.

గీసుకుపోయిన చర్మం మళ్ళీ వస్తుంది. ఎనామిల్ అలా కాదు. దాన్ని తయారుచేసే కణాలు పన్ను బయటికొచ్చేసరికే అంతరించిపోతాయి. దాని కింద ఉండే డెంటిన్ పుట్టుకతోనే పసుపు. కాబట్టి రుద్దినకొద్దీ ఆ పసుపే పైకి తేలుతుంది, చల్లనీళ్ళు తగిలితే పన్ను జివ్వుమంటుంది. పచ్చబడ్డాయని ఇంకాస్త గట్టిగా రుద్దుతారు. నల్ల బొగ్గు పేస్టులదీ ఇదే దారి. అవి తెల్లబరుస్తాయనడానికీ, క్షేమమనడానికీ తగిన ఆధారాలు లేవని 2017లో అమెరికా దంతవైద్య సంఘం పత్రికలో వచ్చిన సమీక్ష తేల్చింది.

ఎంత రుద్దినా పోని మరకలూ ఉన్నాయి. అప్పటి నెల్లూరు జిల్లాలో 1937లోనే గుర్తించిన ఫ్లోరోసిస్ నల్లగొండనూ పీడించింది. పళ్ళు తయారయ్యే వయసులో ఫ్లోరైడ్ నీళ్ళు తాగిన పిల్లలకు గోధుమరంగు చారలు ఎనామిల్ లోపలే పడతాయి. అయినా తోముకోవడం రాదన్న మాట ఆ పిల్లలకే. పెళ్ళిచూపుల్లో పెదవులు విప్పకుండా నవ్వమన్న సలహా కూడా.

ఇంట్లో పళ్ళు తెల్లబరుచుకోవడం అసాధ్యమేమీ కాదు. పంటి కొలతకు చేసిన ట్రేలో 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ జెల్ వేసుకుని రాత్రి పడుకునే పద్ధతిని హేవుడ్, హేమన్ అనే దంతవైద్యులు 1989లో ప్రచురించారు. ఆ జెల్ గీకదు, లోపలికి ఇంకి రంగును విడగొడుతుంది. పళ్ళు జివ్వుమనడం, చిగుళ్ళ మంట మామూలే, ఎక్కువమందిలో ఆపేస్తే తగ్గుతాయి. తొడుగులూ పళ్ళలో నింపిన సిమెంటూ మాత్రం రంగు మారవు. వచ్చిన తెలుపూ కాఫీలతో మెల్లగా తగ్గిపోతుంది. యూరోపియన్ యూనియన్ దేశాల్లో 0.1 శాతం దాటి 6 శాతం దాకా హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉన్న, లేదా ఈ జెల్‌లా దాన్ని విడుదల చేసే సరుకును దంతవైద్యులకే అమ్మాలి. పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళకు వాడకూడదు.

నిమ్మచెక్కకు పళ్ళప్పగించేవాళ్ళు డాక్టరు దగ్గర క్లీనింగ్ అంటే మాత్రం "పళ్ళు కదిలిపోతాయట" అని వెనకాడతారు. గార వదిలాక నాలుకకు తగిలే సందులు ఆ గార ఇన్నాళ్ళూ కప్పి ఉంచినవి. పన్ను నిజంగానే కదిలితే, గార కింద చిగురు వాచి ఎముక ముందే తరిగిపోయి ఉంటుంది. నింద మాత్రం గార తీసిన డాక్టరుకే.